ఉద్యోగం చేసుకుంటూ మిలిటరీ పైలట్ అవ్వడం మన దగ్గర కుదురుతుందా? ముందు సీపీఎల్లా, ఏఎఫ్‌క్యాటా?

చంద్రగిరి అక్క

అందరికీ నమస్కారం. మా తమ్ముడి విషయంలో ఇంట్లో రోజూ వాదనే. వాడికి 21 ఏళ్ళు, ఇంటర్ ఎంపీసీ, ఇప్పుడు తిరుపతిలో బీఎస్సీ ఆఖరి ఏడాది. మా పెద్దమ్మ మనవడు అమెరికాలోనే పుట్టాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూనే అక్కడి ఎయిర్ నేషనల్ గార్డ్‌లో పైలట్‌గా చేరడానికి అప్లై చేస్తున్నాడు. శిక్షణ అయ్యాక నెలలో కొన్ని రోజులు మిలిటరీ విమానం నడుపుతాడట, మిగతా రోజులు తన ఉద్యోగం తనదే. అది విన్నప్పటి నుంచి మావాడు "నేనూ రిజర్వ్ పైలట్ అవుతా" అని కూర్చున్నాడు.

మా నాన్న పాకాల దగ్గరున్న ఎకరంన్నర అమ్మి కమర్షియల్ పైలట్ లైసెన్స్ (సీపీఎల్) చేయిస్తానంటున్నారు. ఆ లైసెన్స్ ఉంటే ఎయిర్ ఫోర్స్‌లో సులభంగా తీసుకుంటారని ఆయనకెవరో చెప్పారు. పొలం జోలికి పోకముందే ఏఎఫ్‌క్యాట్, అంటే ఎయిర్ ఫోర్స్ ఆఫీసర్ల ఎంపికకు పెట్టే రాతపరీక్ష, రాయించాలని నేనంటున్నాను. మీరేమంటారు?

పాకాల జంక్షన్

అక్కా, మన దగ్గర టెరిటోరియల్ ఆర్మీ ఉంది కదా. ఉద్యోగం వదలకుండా చేరొచ్చు, 42 ఏళ్ళ దాకా వయసు పరిమితి. ధోనీకి 2011లో గౌరవ లెఫ్టినెంట్ కల్నల్ హోదా ఇచ్చింది అందులోనే. 2019లో కాశ్మీర్ వెళ్ళి డ్యూటీ కూడా చేశాడు. మీ తమ్ముడు ముందు ఏదో ఒక ఉద్యోగంలో చేరి, ఆ దారిలో వెళ్తే సరిపోతుంది.

మాజీ వాయుసైనికుడు, చిత్తూరు

పాకాల తమ్ముడూ, నీ మాటలో సగం సరే. టెరిటోరియల్ ఆర్మీ మంచి దారే, కానీ అది చాలావరకు పదాతి దళం పని. అక్కడ చేరినవాళ్ళకు విమానం నడపడం నేర్పరు. ఆ అబ్బాయికి కావలసింది ఆకాశం. ఈ మాట ముందే చెప్పకపోతే రెండేళ్ళు వృథా అవుతాయి.

అసలు మన దేశంలో ఇలాంటి ఏర్పాటు ఎప్పుడూ లేదని కాదు. 1952లో రిజర్వ్, సహాయక వైమానిక దళాల చట్టం చేశారు. దాని కింద ఢిల్లీ, బొంబాయి, మద్రాసు లాంటి చోట్ల సహాయక స్క్వాడ్రన్లు పెట్టారు. వేరే ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు వచ్చి శిక్షణ తీసుకునేవారు. ఆ స్క్వాడ్రన్లు తర్వాత నిలవలేదు. చట్టం ఉంది గానీ, "నెలకు కొన్ని రోజులు వచ్చి విమానం నడుపు" అని బయట కుర్రవాళ్ళను పిలిచే నోటిఫికేషన్ ఇప్పుడు లేదు. కాబట్టి మీ తమ్ముడి ముందున్నది పూర్తికాలం దారే. వైమానిక దళంలో షార్ట్ సర్వీస్ కమిషన్, అంటే పరిమిత కాలం ఆఫీసర్ ఉద్యోగం, ఫ్లయింగ్ బ్రాంచ్‌లో 14 ఏళ్ళు.

ఎవరైనా "ఇండియన్ ఎయిర్ ఫోర్స్ రిజర్వ్ పైలట్ సీటు ఇప్పిస్తాం" అని డబ్బు అడిగితే నమ్మకండి. అలాంటి సీటు లేదు.

డాలస్‌లో తిరుపతి

మాది తిరుపతి, భవానీ నగర్. ఇక్కడ డాలస్‌లో నా సహోద్యోగి ఒకరు ఎయిర్ ఫోర్స్ రిజర్వ్‌లో సెలెక్ట్ అయ్యారు కాబట్టి ఆ పద్ధతి దగ్గర నుంచి చూశాను. ఆఫీసర్‌గా చేరాలంటే అమెరికా పౌరసత్వం తప్పనిసరి. గ్రీన్ కార్డు చాలదు. అంటే మీ తమ్ముడికి ఈ తలుపు ఎలాగూ తెరుచుకోదు.

ఇక్కడ అమెరికాలో కూడా అది వారాంతపు సరదా కాదు. ముందు ఏఎఫ్‌ఓక్యూటీ అనే రాతపరీక్ష. తర్వాత టీబీఏఎస్ అని కంప్యూటర్ ముందు చేతులు, కాళ్ళు, కళ్ళు కలిపి చేసే పరీక్ష. ఆ రెండింటికీ, అప్పటికే ఉన్న ఫ్లయింగ్ గంటలకీ కలిపి 1 నుంచి 99 లోపు పీసీఎస్‌ఎం అనే స్కోరు వేస్తారు. ఇక్కడ మనిషిని ఎంచుకునేది ఢిల్లీ లాంటి ఒక పెద్ద ఆఫీసు కాదు, ఆ స్క్వాడ్రనే. నా సహోద్యోగి ఊరూరా తిరిగి ఒక్కో యూనిట్‌కు వెళ్ళి, అక్కడి పైలట్లతో మాట్లాడి, వాళ్ళ బోర్డు ఎదుట ఇంటర్వ్యూకి కూర్చున్నారు. సెలెక్ట్ అయ్యాక దాదాపు ఏడాది పైలట్ శిక్షణ పూర్తికాలమే. ఆ తర్వాత పదేళ్ళు సేవ చేయాల్సిన బాధ్యత ఉంటుంది.

ఒక తేడా మాత్రం చెప్పాలి. ఇక్కడ ఫ్లయింగ్ గంటలు ఉంటే స్కోరు పెరుగుతుంది. అందుకే డబ్బు పెట్టి ప్రైవేట్ లైసెన్స్ తీసుకుని మరీ అప్లై చేస్తారు. మీ నాన్నగారికి చెప్పినాయన ఆ పద్ధతిని మన దేశానికి అంటగట్టారేమో అనిపిస్తోంది.

రేణిగుంట రన్‌వే

నేను సీపీఎల్ ఉన్నవాడిని, నాన్నగారి వైపు మాట్లాడతాను. ఏఎఫ్‌క్యాట్ ఫ్లయింగ్ బ్రాంచ్‌కి కోర్సు మొదలయ్యే నాటికి 20 నుంచి 24 ఏళ్ళ మధ్య ఉండాలి. డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) ఇచ్చిన సీపీఎల్ చేతిలో ఉంటే 26 దాకా సడలింపు. రెండేళ్ళు అదనంగా దొరకడం చిన్న విషయమా? పైగా ఎయిర్ ఫోర్స్ రాకపోతే ఎయిర్‌లైన్స్ ఉంది. ఏఎఫ్‌క్యాట్ ఒక్కదాన్నే నమ్ముకుని, అది రాకపోతే బీఎస్సీ పట్టాతో ఎక్కడికి వెళ్తాడు? పొలం అమ్మడం బాధే. కానీ కొడుకు చదువుకి అమ్మని తండ్రి మన జిల్లాలో ఎవరున్నారు?

మాజీ వాయుసైనికుడు, చిత్తూరు

వయసు సడలింపు నిజమే తమ్ముడూ, నేను కాదనను. కానీ సడలింపు అంటే వయసు ఒక్కటే. రాతపరీక్ష, ఇంటర్వ్యూ, మెడికల్ అన్నీ అందరితో సమానమే. 200 గంటలు నడిపి వచ్చినా, ఎప్పుడూ కాక్‌పిట్ చూడని పల్లెటూరి పిల్లాడితో పాటు అదే వరుసలో నిలబడాలి.

డబ్బు లెక్క చూడండి. సీపీఎల్‌కి యాభై లక్షలు దాటే ఖర్చుంది. 200 గంటలు నడపాలి. డీజీసీఏ పేపర్లు నావిగేషన్, వాతావరణం, నిబంధనలు, టెక్నికల్, ఒక్కోదాంట్లో 70 శాతం రావాలి. మెడికల్ వేరే, రేడియో లైసెన్స్ వేరే. విమానాలు పాడైనా, వాతావరణం బాగోలేకపోయినా గంటలు ఆగిపోతాయి. మా ఊరి పక్కన ఒక కుటుంబం కట్టిన ఫీజు ఒక శిక్షణ సంస్థలో ఇరుక్కుపోయి, పిల్లవాడు గంటల కోసం నెలల తరబడి ఖాళీగా కూర్చున్నాడు.

ఏఎఫ్‌క్యాట్ ఫీజు ఎంత? 550 రూపాయలు, పైన జీఎస్టీ. ఏడాదికి రెండుసార్లు నోటిఫికేషన్ వస్తుంది. ఇంటర్వ్యూకి మొదటిసారి పిలిస్తే రైలు ఛార్జీలు కూడా వాళ్ళే ఇస్తారు. సెలెక్ట్ అయితే శిక్షణలో నెలకు 56,100 స్టైపెండ్. పైలట్ అవ్వడానికి మన పొలాన్ని అడగని దారి ఇది. దీన్ని చూడకుండానే పొలం అమ్మితే, ఆ పిల్లవాడు ఇక జీవితమంతా ఆ ఎకరంన్నర బరువు మోస్తూ నడపాలి. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

పుంగనూరు టీచర్

నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. రెండు మాటలు.

ఒకటి, ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ రెండింట్లో విడివిడిగా 50 శాతం, డిగ్రీలో 60 శాతం ఉండాలి. ఆఖరి ఏడాది వాళ్ళూ అప్లై చేయొచ్చు గానీ బ్యాక్‌లాగ్ ఉండకూడదు. ఈ నిబంధన తెలియక ఒక సబ్జెక్ట్ వదిలేసి వచ్చే పిల్లలు చాలామంది.

రెండోది, 14 ఏళ్ళ తర్వాత ఏం చేస్తాడు? పెన్షన్ ఉండదు. 24కి చేరితే 38కి బయటికి వస్తాడు. అప్పటికి పెళ్ళి, పిల్లలు, వాళ్ళ స్కూలు ఫీజులు. దీని గురించి ఎవరూ మాట్లాడటం లేదు. నా దగ్గర చదివిన అమ్మాయిలకు కూడా ఇదే చెప్తాను. 2016లో మొదటి మహిళా ఫైటర్ పైలట్లు వచ్చాక చాలామంది అమ్మాయిలు అడుగుతున్నారు. గర్వంగా ఉంటుంది, కానీ 38 తర్వాత సంగతి కూడా ముందే ఆలోచించుకోమంటాను.

రేణిగుంట రన్‌వే

టీచర్ గారూ, ఈ ఒక్క విషయంలో మాత్రం చిత్తూరు సార్ వైపే నేనూ. 38 ఏళ్ళకి మిలిటరీ గంటలతో బయటికి వచ్చే పైలట్‌కి ఎయిర్‌లైన్స్‌లో విలువ ఉంది. డీజీసీఏ లైసెన్స్‌గా మార్చుకోవాలి, పరీక్షలు కొన్ని రాయాలి, అంతే. నాకిప్పుడు లైసెన్స్ ఉంది, ఉద్యోగం కోసం చూస్తున్నాను, బ్యాంకు వాయిదా ఆగదు. అయినా నా మాట మార్చుకోను. 26 దాకా తలుపు తెరిచి ఉంచుకోవడం మంచిదే, స్థోమత ఉన్నవాళ్ళకి.

చంద్రగిరి అక్క

"స్థోమత ఉన్నవాళ్ళకి" అన్నారు చూడండి, మా ఇంట్లో గొడవంతా అక్కడే. ఇంకొకటి అడగాలి. ఒక్కసారి ఫెయిలైతే మళ్ళీ జీవితంలో పైలట్‌గా అప్లై చేయడానికి లేదని తమ్ముడు భయపడుతున్నాడు. నిజమా?

అలిపిరి మెట్ల దారి

నేను మైసూరు ఏఎఫ్‌ఎస్‌బీకి, అంటే ఎయిర్ ఫోర్స్ ఇంటర్వ్యూ బోర్డుకి, వెళ్ళొచ్చాను, తెలిసింది చెప్తాను. తిరుపతి నుంచి చామరాజనగర్ రైలు మైసూరు మీదుగానే వెళ్తుంది కాబట్టి మనవాళ్ళకి ఆ కేంద్రం దగ్గర.

రాతపరీక్ష పోతే మళ్ళీ రాయొచ్చు. 100 ప్రశ్నలు, రెండు గంటలు, సరైనదానికి 3 మార్కులు, తప్పుకి 1 పోతుంది. ఇంటర్వ్యూ బోర్డులో పోయినా, వయసుంటే మళ్ళీ వెళ్ళొచ్చు. తమ్ముడు విన్నది సీపీఎస్‌ఎస్ గురించి. అది పైలట్ సామర్థ్య పరీక్ష. ఇదొక్కటే జీవితంలో ఒకసారి. ఇందులో ఫెయిలైతే ఫ్లయింగ్ బ్రాంచ్‌కి మళ్ళీ అవకాశం లేదు, నేలమీద పనిచేసే శాఖలకు మాత్రం వెళ్ళొచ్చు.

మొదటి రోజు రీజనింగ్ పరీక్ష, బొమ్మ చూసి కథ రాసి గుంపులో చర్చించడం. అక్కడే చాలామందిని అదే రోజు ఇంటికి పంపేస్తారు. నిలిచినవాళ్ళకి తర్వాతి రోజుల్లో సైకాలజీ పరీక్షలు, గ్రౌండ్‌లో గ్రూప్ టాస్కులు, ఇంటర్వ్యూ. సీపీఎస్‌ఎస్ వీటన్నిటి తర్వాత, పైలట్‌గా సిఫార్సు అయినవాళ్ళకే. దాంట్లో ఒక భాగం ఇన్‌స్ట్రుమెంట్లు చదవడం. ఎత్తు, వేగం, దిశ, ఎంత వంగి ఉంది అనే డయల్స్ చూపించి వెంటవెంటనే జవాబు అడుగుతారు. ఇంకో భాగంలో చేతిలో స్టిక్, కాళ్ళ కింద రడ్డర్ పెడల్స్, తెర మీద కదిలే గురిని మధ్యలో నిలపాలి. అదే సమయంలో వేరే సంకేతాలకు కూడా స్పందించాలి. చెయ్యి గట్టిగా బిగించినవాళ్ళకి గురి అటూ ఇటూ పరిగెత్తేది. మెల్లగా, కొద్దికొద్దిగా కదిపినవాళ్ళు నిలబెట్టారు. డయల్స్ చదవడం ముందే నేర్చుకుని వెళ్ళమనండి. ఏ సన్నద్ధతా లేకుండా ఈ ఒక్క అవకాశాన్ని వాడేసుకోవద్దు.

డాలస్‌లో తిరుపతి

ఇది మాత్రం పెద్ద తేడా. అమెరికాలో టీబీఏఎస్ కొంత గడువు తర్వాత మళ్ళీ రాయనిస్తారు. మన దేశంలో ఒక్కసారే అంటే టెన్షన్ ఎందుకుండదు. అయినా ఒక యువకుడి భవిష్యత్తుని ఒక ఉదయానికి కట్టేయడం న్యాయం కాదని నా అభిప్రాయం.

మాజీ వాయుసైనికుడు, చిత్తూరు

న్యాయం గురించి వాదించొచ్చు గానీ, ఆ నియమం ఉన్నంత కాలం దానికి తగ్గట్టు సిద్ధమవ్వాలి. అక్కడ చూసేది చెయ్యి, కాలు, కన్ను ఒకేసారి ఎలా పనిచేస్తాయన్నది. అది లక్షలు పోసి కొనుక్కునేది కాదు.

డబ్బు ఖర్చు కాని పని ఇంకొకటి ఉంది, మెడికల్ ముందే చూసుకోవడం. మన దగ్గరే మంచి కంటి డాక్టర్లున్నారు. ఎత్తు కనీసం 162.5 సెంటీమీటర్లు ఉండాలి. కాలి పొడవు 99 నుంచి 120 మధ్య, కూర్చున్నప్పటి ఎత్తు 81.5 నుంచి 96 మధ్య. ఇవి కాక్‌పిట్ కొలతలు కాబట్టి బతిమాలితే మారవు. కలర్ విజన్, వినికిడి, ముక్కు లోపలి ఎముక కూడా చూపించుకోండి. కళ్ళద్దాలుంటే ఆ సంవత్సరం నోటిఫికేషన్‌లో కంటి నిబంధన మొత్తం చదవండి. లేజర్ ఆపరేషన్ చేయించుకుంటే షరతులుంటాయి, తొందరపడి చేయించుకోవద్దు. మెడికల్‌లో సరిపోడని తేలితే సీపీఎల్ మెడికల్‌కి సరిపోతాడేమో అప్పుడు చూసుకోవచ్చు, పొలం సంగతి అప్పుడే.

వాళ్ళ కాలేజీలో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ 'సి' సర్టిఫికెట్ ఉందా? ఉంటే రాతపరీక్ష లేకుండానే ప్రత్యేక ప్రవేశం ఉంది.

చంద్రగిరి అక్క

లేదు సార్, వాడు ఎన్‌సీసీలో చేరలేదు. నిన్న రాత్రి కొలతలన్నీ టేప్‌తో చూశాం, సరిపోయాయి. నాన్న ఈ చర్చ మొత్తం ఫోన్‌లో చదివారు. పూర్తిగా ఒప్పుకోలేదు గానీ, ముందు ఏఎఫ్‌క్యాట్ రాయనిద్దాం అన్నారు.

ఒక చిక్కొచ్చింది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొట్టి అక్షరంతో ఉంది, ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది. ఫారంలో ఏది వేయాలి?

పుంగనూరు టీచర్

మెమోలో ఎలా ఉందో అలాగే, అక్షరం కూడా మార్చకుండా వేయించండి. నాన్నగారి పేరు, పుట్టిన తేదీ కూడా మెమో ప్రకారమే. మన పిల్లల్లో చాలామందికి ఇదే సమస్య, ఆధార్ తీసేటప్పుడు ఇంటిపేరు విడదీసి రాసేస్తారు. నోటిఫికేషన్ వచ్చాక హడావిడి పడకుండా ఇప్పుడే మెమో ప్రకారం ఆధార్ మార్పించండి. అప్‌డేట్ కావడానికి సమయం పడుతుంది. డిగ్రీ సర్టిఫికెట్‌లో పేరు ఎలా పడుతుందో కూడా కాలేజీ ఆఫీసులో ఇప్పుడే అడగమనండి, పట్టా చేతికి వచ్చాక సరిచేయించడం చాలా కష్టం.