సంగీతం విన్న మొక్క పొడవు పెరిగింది, అయినా రుజువు కాలేదట. ఎందుకు?

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి. సైన్సు ప్రాజెక్టు కోసం రెండు కుండీల్లో చిక్కుడు గింజలు నాటాను. ఒక మొక్కకు రోజూ గంటసేపు సంగీతం వినిపించాను. మూడు వారాలకు అది రెండోదాని కన్నా నాలుగు సెంటీమీటర్లు పొడవు పెరిగింది. టీచరు మాత్రం దీనితో ఏమీ తేలలేదన్నారు. స్కేలుతో కొలిచి చూపించినా ఎందుకు ఒప్పుకోవడం లేదు?

జవాబు: మీ కొలత మీద అనుమానం లేదండి. రెండు కుండీలూ ఎక్కడ పెట్టారు? పొడవు పెరిగిన మొక్క ఆకులు ఏ రంగులో ఉన్నాయి?

ప్రశ్న అడిగినవారు: స్పీకరు గది మూలన ఉంది కాబట్టి ఒకటి అక్కడ, రెండోది పక్క గదిలో కిటికీ దగ్గర. మూలన ఉన్నదాని ఆకులు కొంచెం పాలిపోయాయి, కాండం సన్నగా ఉంది.

జవాబు: చిక్కు అక్కడే ఉంది. వెలుతురు చాలని మొక్క దాన్ని వెతుక్కుంటూ సన్నగా, పొడవుగా సాగుతుంది. ఆ నాలుగు సెంటీమీటర్లు సంగీతం వల్ల వచ్చాయో, చీకటి వల్ల వచ్చాయో మీ ప్రయోగం విడదీసి చెప్పలేదు. టీచరు అన్నది అదే.

1747లో జేమ్స్ లిండ్ అనే నౌకా వైద్యుడు స్కర్వీతో (విటమిన్ సి లోపం వల్ల వచ్చే జబ్బు) బాధపడుతున్న 12 మంది నావికులను ఇద్దరిద్దరు చొప్పున ఆరు జట్లు చేశాడు. అందరినీ ఒకే చోట ఉంచి, ఒకే రకం భోజనం పెట్టి, ఇచ్చే మందు మాత్రం జట్టుకొకటి మార్చాడు. నారింజ, నిమ్మ పండ్లు తిన్న ఇద్దరూ అందరికన్నా త్వరగా తేరుకున్నారు. మిగతావన్నీ ఒకేలా ఉండబట్టే ఆ ఫలితానికి విలువ వచ్చింది.

మీరూ అలాగే చేయండి. జట్టుకు పది చొప్పున ఇరవై కుండీలు తీసుకోండి. ఒక్కో మొక్కే అయితే గింజల్లోని సహజమైన తేడా కూడా సంగీతం మహిమలా కనిపిస్తుంది. ఏ కుండీ ఏ జట్టులోకి వెళ్లాలో చీటీలు తీసి నిర్ణయించండి. అన్నింటికీ ఒకే మట్టి, ఒకే కొలత నీళ్లు, ఒకే కిటికీ. సంగీతం వేళకు ఒక జట్టును వేరే గదికి తీసుకెళ్తే, రెండో జట్టునూ అదే గంటసేపు అంతే వెలుతురున్న నిశ్శబ్దమైన గదికి తీసుకెళ్లండి. ఈ మాట చాలామందికి తట్టదు. ‘బాగా పెరగడం’ అంటే ఏమిటో కూడా ముందే రాసుకోండి. ఎత్తు ఒక్కటే చాలదని మీ పాలిపోయిన మొక్కే చెప్పింది కదా, ఆకులు కూడా లెక్కపెట్టండి.

మరొకరి జవాబు: ఒక మాట కలుపుతాను. కొలిచే పని ఏ కుండీ ఏ జట్టుదో తెలియని స్నేహితులకు అప్పగించండి. లెక్కలు చేసి, జవాబును డెక్కతో నేలను తట్టి చెబుతుందని పేరుపడ్డ ‘హన్స్’ అనే గుర్రాన్ని 1907లో ఆస్కర్ ఫుంగ్‌స్ట్ పరీక్షించాడు. అడిగేవారికే జవాబు తెలియనప్పుడు గుర్రం కూడా తప్పింది. జవాబు తెలిసినవాళ్ల తల సన్నగా కదలడం చూసి అది డెక్క చప్పుడు ఆపేది. వాళ్లెవరూ మోసగాళ్లు కారు, తాము కదులుతున్నట్టు వాళ్లకే తెలియదు. స్కేలు పట్టుకున్న చేతికీ ఇదే ప్రమాదం ఉంది.

ప్రశ్న అడిగినవారు (నెల తర్వాత): మీరు చెప్పినట్టే చేశాను. రెండు జట్ల సగటు ఎత్తూ, ఆకుల సంఖ్యా దాదాపు సమానంగా వచ్చాయి. నేను అనుకున్నది తప్పయింది. పరికల్పనను (మొదట వేసుకున్న ఊహను) మార్చి రాయవచ్చా?

జవాబు: వద్దండి, దయచేసి అలా చేయవద్దు. మొదట ఏమనుకున్నారో అదే రాయండి, దాని కింద వచ్చిన ఫలితం రాయండి. ‘సంగీతం పనిచేయదు’ అని కూడా రాయకండి. ఇరవై మొక్కల్లో, ఇన్ని రోజుల్లో, ఈ సంగీతంతో తేడా కనిపించలేదు, మీకు తెలిసింది అంతవరకే. మొదటి రెండు కుండీల కథను దాచకుండా నివేదిక మొదట్లోనే పెట్టండి. రెండో ప్రయోగం ఎందుకు చేయవలసి వచ్చిందో చదివేవారికి దానివల్లే తెలుస్తుంది. నోటుపుస్తకంలో కొట్టివేసిన అంకెలుంటే వాటిని అలాగే ఉంచండి, తిరగరాయకండి.