నీవ్ అంటే సర్వనామం కాదు, పేరు

ప్రశ్న:
డబ్లిన్ వచ్చి నాలుగు నెలలైంది. మొదటి వారం ఆఫీసులో జరిగింది చెప్తాను, నవ్వకండి. మా టీమ్‌లో ఒకమ్మాయి పేరు మెయిల్‌లో చూశాను. ఎన్, ఐ, ఏ, ఎమ్, హెచ్. మీటింగ్‌లో అందరి ముందూ "నియామ్" అని పిలిచాను. ఎవరూ పలకలేదు. మనం ఒత్తు వదిలేశామేమోనని రెండోసారి "నియామ్హ్" అన్నాను. అప్పుడు ఆ అమ్మాయే చెయ్యెత్తి "నీవ్" అంది. నాకు అది "నీవు" అని వినపడి, అవును నేనే అన్నట్టు తలూపాను.

ఇప్పుడు అసలు సంగతి. మా ఆడపడుచుకి ఇక్కడే మార్చిలో కాన్పు. పాప పుడితే ఈ ఊరి పేరొకటి పెట్టుకుందామని వాళ్ల ఆశ. ఇంటర్నెట్‌లో పేర్లూ అర్థాలూ కుప్పలుగా ఉన్నాయి. ఎమ్ పక్కన హెచ్ పెడితే వ ఎలా అయింది? ఆ అర్థాలు నమ్మొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు:
నవ్వకుండా ఉండటం కష్టమేనమ్మా. కానీ ఆ రాత పిచ్చిరాత కాదు, దానికో పద్ధతి ఉంది. బ, మ లాంటి హల్లులు రెండు అచ్చుల నడుమ పడి పాతకాలంలోనే మెత్తబడి వ అయ్యాయి. పాత ఐరిష్ లిపిలో అలా మెత్తబడ్డ హల్లు నెత్తిన చుక్క పెట్టేవాళ్లు. 20వ శతాబ్దం మధ్యలో మామూలు రోమన్ అచ్చుకు మారినప్పుడు చుక్క పోయి హెచ్ వచ్చి కూర్చుంది. అంటే ఆ హెచ్ "హ" కాదు, "పక్కనున్న హల్లు మారింది, చూసుకో" అని చెప్పే గుర్తు. మనం బి పక్కన హెచ్ చూడగానే భ అనుకుంటాం. అందుకే షివాన్ అనే పిల్ల మన నోట్లో సియోభాన్ అవుతుంది.

ఆ షివాన్‌లో మొదటిది ష ఎందుకైందంటే, ఎస్ పక్కన ఇ, ఎ ఉంటే ష పలుకుతుంది. మనకిది కొత్తేం కాదు. "చిలక", "చెట్టు" అనేటప్పుడు చ ఒకలా, "చలి", "చుట్టం" అనేటప్పుడు ఇంకోలా పలకట్లేదూ? పక్క అచ్చును బట్టి హల్లు రంగు మారుతుంది, అంతే. షినేడ్, సీర్షా, రోషీన్, అన్నిటికీ ఇదే సూత్రం. అచ్చు మీద ఏటవాలు గీత కనిపిస్తే అది దీర్ఘం.

ఇంకో తమాషా. అమ్మాయి పేరు బ్రీద్ అనుకోండి. పిలిచేటప్పుడు "అ వ్రీద్" అంటారు. షీలె అనే పిల్లని పిలిస్తే "అ హీలె". మనం సంబోధనలో పేరు చివర సాగదీస్తాం, వాళ్లు మొదలు మారుస్తారు. మొదలు మారడం వింతగా ఉందా? బాలవ్యాకరణం గుర్తు చేసుకోండి. వాడు + పోయె = వాడువోయె. గసడదవాదేశం. ముందు మాట అచ్చుతో ముగిస్తే తర్వాతి ప కాస్తా వ అయింది. ఐరిష్‌లో జరిగిందీ దాదాపు అదే. ముందు మాట చివర న ఉన్నచోట ఐరిష్‌లో క కాస్తా గ అవుతుంది. కార్క్ నగరం వాళ్ల భాషలో "కోర్కీ", "కార్క్‌లో" అనాలంటే "ఇ గోర్కీ". ఆ న ఎప్పుడో రాలిపోయినా గ మిగిలింది. పూచెను + కలువలు = పూచెను గలువలు అని బడిలో బట్టీ పట్టినవాళ్లకి వివరించక్కర్లేదు. చుట్టరికం ఉందని కాదు, రెండు నోళ్లు వేరువేరుగా ఒకే పని చేశాయి.

మరో సభ్యుడు:
మాస్టారూ, నీవ్ అని పేరు పెడితే వచ్చే కష్టం చెప్పనా? బంధువొకాయన అడుగుతాడు, "నీ పేరేంటమ్మా?" పిల్ల, "నీవ్". "నా పేరు కాదే తల్లీ, నీ పేరు!" పెళ్లయ్యేదాకా ఇదే.

జవాబు:
అర్థం మాత్రం బాగుంటుందండీ. నీవ్ అంటే కాంతి, మెరుపు. తీర్ నా నోగ్ అనే నిత్యయౌవన లోకం నుంచి తెల్ల గుర్రమెక్కి వచ్చి ఒషీన్ అనే వీరుణ్ణి తీసుకెళ్లిన బంగారు జుట్టు పిల్ల ఈవిడే. అతనక్కడ మూడేళ్లు గడిపాననుకుంటాడు, ఇక్కడ మూడు వందలేళ్లు దాటిపోతాయి. తిరిగొచ్చి నేల మీద పడగానే పండు ముసలి.

అర్థాల జాబితాల గురించి అడిగారు. కొన్ని నిజమే. కీవా అంటే సుకుమారి, ముద్దులది. రోషీన్ చిట్టి గులాబీ. ఫియా అంటే లేడి, అడవి స్వభావం కూడా. 2021లో ఐర్లండ్‌లో ఆడపిల్లలకి ఎక్కువగా పెట్టింది ఈ పేరే. సీర్షా అంటే స్వేచ్ఛ. కానీ ఇది పురాణ కాలం పేరేం కాదు, స్వాతంత్ర్య పోరాటం తర్వాత 20వ శతాబ్దంలో వాడుకలోకొచ్చింది. మన వైపు ఆ రోజుల్లో స్వరాజ్యం అని పెట్టినట్టే. నటి సీర్షా రోనన్ మాత్రం తన పేరు "సర్షా" అంటుంది. ఎవరి పేరు వాళ్లు చెప్పినట్టే పలకాలి, వాదించకూడదు.

బ్రిజిడ్ దగ్గర జాగ్రత్త. సగం వెబ్‌సైట్లు "అగ్నిబాణం" అంటాయి. అది వెయ్యేళ్ల నాటి లోకనిరుక్తి. 908లో చనిపోయిన కోర్మాక్ అనే రాజు పేరుతో ఉన్న నిఘంటువులో పేరుని రెండు ముక్కలు చేసి అలా చెప్పారు. అసలు మూలం "ఉన్నతమైనది". మన బృహతి, బృహత్తు ఆ ధాతువు సంతానమే. 2023 నుంచి ఐర్లండ్‌లో ఫిబ్రవరి మొదట్లో సెయింట్ బ్రిజిడ్ పేరున సెలవు కూడా ఇస్తున్నారు. డెయిర్డ్రా అనే పేరుకైతే అర్థం పండితులకే తేలలేదు, వెబ్‌సైట్లకి మాత్రం తేలిపోయింది.

నన్నడిగితే మేవ్. ఐరిష్ పురాణాల్లో కొనాక్ట్ అనే సీమకి రాణి. మొగుడి ఆస్తికీ తన ఆస్తికీ లెక్కలు చూసుకుని, ఒక్క ఎద్దు తక్కువైందని కూలీ అనే సీమ మీదికి దండెత్తింది. వాళ్ల గోగ్రహణం అన్నమాట. ఆ పేరుకి మూలం మన "మధు" పుట్టిన చోటే ఉంది.

ప్రశ్న అడిగినావిడ:
మాస్టారూ, నమస్కారాలు. రాత్రి అందరికీ చదివి వినిపించాను. మా ఆడపడుచు మేవ్ దగ్గర ఆగిపోయింది. బారసాలలో బియ్యం మీద రాయడానికి రెండే అక్షరాలు, ఇండియాలో అమ్మమ్మకి నోరు తిరుగుతుంది. కాకపోతే నేను ఇంకోచోట చూశాను, మేవ్ అంటే "మత్తెక్కించేది" అనట. నిజమేనా?

జవాబు:
నిజమేనమ్మా. తేనెని పులియబెట్టి చేసే మద్యం నుంచి వచ్చిన మాట అది.

ప్రశ్న అడిగినావిడ:
అయితే మా మామగారికి తేనె వరకే చెప్తాను.