ఆన్‌లైన్ ఎంబీఏలో ఒక సెమిస్టర్ విరామం తీసుకుంటే ఇంటర్నల్ మార్కులు నిలుస్తాయా?

నమస్కారం. విశాఖపట్నంలోని ఒక మందుల కంపెనీ హెచ్‌ఆర్ విభాగంలో పనిచేస్తూ, యూజీసీ గుర్తింపు ఉన్న ఒక విశ్వవిద్యాలయం నుంచి మానవ వనరుల నిర్వహణలో ఆన్‌లైన్ ఎంబీఏ మూడో సెమిస్టర్ చదువుతున్నాను. పరీక్షల నెలలోనే నాకు ప్రసవం ఉండటంతో, ఈ సెమిస్టర్ పరీక్షలను వచ్చే విడతకు వాయిదా వేసుకోవాలనుకుంటున్నాను.

2020 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం ఇంటర్నల్ మూల్యాంకనానికి గరిష్ఠంగా 30 శాతం, సెమిస్టర్ చివరి పరీక్షకు కనీసం 70 శాతం వెయిటేజీ ఉంటుంది. కార్మిక చట్టాలు, వేతన నిర్వహణ పేపర్లకు అసైన్‌మెంట్లు సమర్పించాను, మార్కులు కూడా పోర్టల్‌లో కనిపిస్తున్నాయి. అయితే విద్యార్థి కరదీపికలో "తిరిగి నమోదు చేసుకోవాలి" అన్న ఒక్క వాక్యమే ఉంది తప్ప, ఆ మార్కులు కొనసాగుతాయో, అసైన్‌మెంట్లు మళ్లీ రాయాలో చెప్పలేదు. సహాయ కేంద్రానికి ఎన్నిసార్లు రాసినా అదే కరదీపిక లింకు తిరిగి పంపుతున్నారు (ప్రసూతి సెలవుల దరఖాస్తులు చూసే ఉద్యోగంలో ఉన్న నాకు ఇది కాస్త విడ్డూరంగానే ఉంది).

ఇలా విరామం తీసుకున్నవారు ఎవరైనా ఉంటే, మీ ఇంటర్నల్ మార్కులు నిలిచాయా, ఫీజు మళ్లీ పూర్తిగా కట్టాల్సి వచ్చిందా, మొదటి రెండు సెమిస్టర్ల క్రెడిట్లు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ (విద్యార్థి సంపాదించిన క్రెడిట్లను ఆన్‌లైన్‌లో భద్రపరిచే జాతీయ వ్యవస్థ) ఖాతాలో యథాతథంగా ఉన్నాయా అన్నది దయచేసి తెలియజేయగలరు. దరఖాస్తును పరీక్షల విభాగానికి పంపాలా, ప్రోగ్రామ్ కోఆర్డినేటర్‌కు పంపాలా అన్నది చెప్పినా ఎంతో మేలు చేసినవారవుతారు.