కేబుల్ నెట్ రూటర్‌కి ఇంటరప్టా, పోలింగా?

పర్లాకిమిడి_కేబుల్: మాది చిన్న కేబుల్ నెట్. నాలుగు కోర్ల పాత పీసీలో లినక్స్ వేసి రూటర్‌గా నడుపుతున్నాం. సాయంత్రం ఏడు దాటితే కెసాఫ్ట్‌ఐఆర్‌క్యూడీ (వచ్చిన ప్యాకెట్ల పని చూసే లినక్స్ లోపలి ప్రాసెస్) ఒక కోర్ మొత్తం తినేస్తోంది, మిగతా మూడూ ఖాళీ. తెలిసిన కుర్రాడొకడు "ఇంటరప్టులు మానేసి డీపీడీకేతో పోలింగ్‌కి వెళ్లిపోండి" అంటున్నాడు. అంటే ప్యాకెట్ వచ్చిందని నెట్‌వర్క్ కార్డు సీపీయూని పిలవడం (ఇంటరప్ట్) మానేసి, లినక్స్ మూలభాగమైన కెర్నల్‌ని పక్కనపెట్టే డీపీడీకే సాఫ్ట్‌వేర్‌తో సీపీయూయే కార్డుని అడుగుతూ ఉండటం (పోలింగ్). వెళ్లమంటారా?

బరంపురం_రావు: వెళ్లిపోండి. గిగాబిట్ లైన్ మీద 64 బైట్ల ప్యాకెట్లే వస్తే సెకనుకి దాదాపు 14.88 లక్షలు. ఒక్కోదానికీ ప్రాసెసర్ చేస్తున్న పని ఆపి, రిజిస్టర్లు దాచి, హ్యాండ్లర్ నడిపి వెనక్కి రావాలంటే ఆ రాకపోకలకే సరి. మోగుల్, రామకృష్ణన్ 1996లోనే పేపర్ రాశారు: సీపీయూ ఇంటరప్టులు అందుకోవడంలోనే మునిగిపోతే ఏ ప్యాకెట్టూ ముందుకు కదలదు. రిసీవ్ లైవ్‌లాక్ అంటారు.

రాయగడ_కెర్నల్: రావు గారూ, జబ్బు చెప్పి మందు దాచేశారు! ఆ పేపర్ ఇంటరప్టులు పీకేయమనలేదు. తాకిడి పెరిగితే మూసి పోలింగ్ చేయమంది, తగ్గాక తెరవమంది. లినక్స్‌లో ప్యాకెట్లు అందుకునే పద్ధతి న్యాపీ చేసేది అదే. మొదటి ప్యాకెట్‌కి కార్డు ఇంటరప్ట్ ఇస్తుంది. డ్రైవర్ దాన్ని ఆపేసి పనిని సాఫ్ట్‌ఐఆర్‌క్యూకి (కెర్నల్ కాస్త ఆగి చేసే పనుల విభాగానికి) అప్పగిస్తుంది. అక్కడ మామూలుగా విడతకి 64 చొప్పున లాగుతూ, క్యూ ఖాళీ అయ్యాకే ఇంటరప్ట్ మళ్లీ తెరుస్తారు. పని తరగకపోతే కెసాఫ్ట్‌ఐఆర్‌క్యూడీ లేస్తుంది. అంటే ఏడు గంటలకి ఆ పెట్టె ఇప్పటికే పోలింగ్‌లో ఉంది!

అన్నా, ముందు ప్రాక్ ఫోల్డర్‌లో ఇంటరప్ట్స్ ఫైల్ చూడండి, ఏ కోర్‌కి ఎన్ని ఇంటరప్టులు వచ్చాయో అందులో ఉంటుంది. లెక్కలన్నీ సీపీయూ0 కిందే పెరుగుతున్నాయా? కస్టమర్లకి పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కనెక్ట్ అయ్యే పద్ధతి) లాగినేనా?

పర్లాకిమిడి_కేబుల్: రెండూ నిజమే. కార్డుకి నాలుగు క్యూలున్నా ఒక్కటే కదులుతోంది.

రాయగడ_కెర్నల్: దొరికింది. కార్డు ప్యాకెట్లని క్యూలకి పంచేది ఐపీ అడ్రస్ చూసి. పీపీపీఓఈ పొర లోపలున్న ఆ అడ్రస్‌ని చాలా కార్డులు చదవలేవు. అందుకే కస్టమర్ల వైపు నుంచి వచ్చేదంతా ఒకే క్యూలో, ఒకే కోర్ నెత్తిన పడుతుంది. ఆర్‌పీఎస్ (ప్యాకెట్లని కోర్లకి పంచే లినక్స్ సదుపాయం) ఆన్ చేయండి. కెర్నల్ ఆ పొర దాటి చూసి మిగతా మూడు కోర్లకి పంచుతుంది.

బరంపురం_రావు: ఆ పంచడానికి పక్క కోర్‌ని లేపేదీ ఇంటరప్టే కదా తమ్ముడూ. డీపీడీకేలో కెర్నల్ అడ్డే ఉండదు.

రాయగడ_కెర్నల్: అడ్డు లేదు సరే, నాట్ (ఒకే ఐపీ అడ్రస్‌ని చాలామందికి పంచడం), ఫైర్‌వాల్, పీపీపీఓఈ ఎవరు చేస్తారు? వాటన్నిటికీ వేరే సాఫ్ట్‌వేర్ తెచ్చి పెట్టుకోవాలి. అర్ధరాత్రి అది పడిపోతే ఆ ఊళ్లో బాగుచేసేదెవరు?

సిరొంచ_సర్వర్: ఇంకో మాట. మా వైపు కరెంటు పోతే పెట్టె ఇన్వర్టర్ మీదే బతకాలి. డీపీడీకే మామూలు పోలింగ్‌లో ప్యాకెట్ ఉన్నా లేకున్నా కోర్ 100 శాతం తిరుగుతుంది. బ్యాటరీ సంగతి మీరే చూసుకోండి.

బరంపురం_రావు: డీపీడీకేకీ ఇంటరప్ట్ మోడ్ ఉంది, ఖాళీగా ఉంటే కోర్‌ని నిద్రపుచ్చొచ్చు.

సిరొంచ_సర్వర్: అయితే మళ్లీ ఇంటరప్ట్‌కే వచ్చారుగా సార్ 😄

పర్లాకిమిడి_కేబుల్: ఆర్‌పీఎస్ పెట్టాను. రాత్రి రద్దీ టైంలో చూసి చెప్తా.

బరంపురం_రావు: చూడండి. రేపు 10 గిగాబిట్ లైన్ తీసుకున్నాక ఇదే ప్రశ్నతో వస్తారు.

రాయగడ_కెర్నల్: అప్పుడు ముందు మంచి కార్డు కొనిపిద్దాం, డీపీడీకే తర్వాత.