తూప్రాన్ అవతల కొత్త ప్లాంటు: వాటర్ కూల్డ్ చిల్లరా, ఎయిర్ కూల్డా?

మూతల యూనిట్, కొంపల్లి
అందరికీ నమస్కారం. తూప్రాన్ దాటాక ఒక పల్లె పక్కన సీసా మూతల ఫ్యాక్టరీ కడుతున్నాం. కరిగిన ప్లాస్టిక్‌ను మోల్డులో, అంటే అచ్చులో, మూతలుగా పోసే 12 హైడ్రాలిక్ (నూనె ఒత్తిడితో నడిచే) మోల్డింగ్ మిషన్లు, మూడు షిఫ్టులు. మొత్తం 120 టన్నుల కూలింగ్ (ఇక్కడ టన్ను బరువు కాదు, చల్లబరిచే శక్తికి కొలత) కావాలని కన్సల్టెంట్ లెక్క తేల్చి, వాటర్ కూల్డ్ చిల్లర్ (నీళ్ళను చల్లబరిచే మిషన్, తన వేడిని వేరే నీళ్ళలోకి వదిలేది), ఆ వేడి నీళ్ళను కొంత ఆవిరి చేసి చల్లార్చే కూలింగ్ టవర్ పెట్టమన్నారు. నాన్నగారు ససేమిరా అంటున్నారు, ఆ ఊళ్ళో ఏప్రిల్‌కే బోర్లు ఎత్తిపోతాయట. వేడిని గాలిలోకే వదిలే ఎయిర్ కూల్డ్ పెడితే కరెంటు బిల్లు మోయలేరని కన్సల్టెంట్ మాట. షెడ్డులో మనుషుల కోసం తడి మెత్తల డక్ట్ కూలర్లు (తడి మెత్తల గుండా చల్లబడిన గాలిని గొట్టాల్లో పంపేవి) కూడా అనుకుంటున్నాం. ఈ పని చేసినవాళ్ళు చెప్పండి.

కంప్రెసర్, బాలానగర్
కన్సల్టెంట్ చెప్పింది కరెక్ట్ సార్. ఎయిర్ కూల్డ్ స్క్రూ చిల్లర్ టన్నుకు 1.2 కిలోవాట్ల దాకా లాగుతుంది, మే నెల మధ్యాహ్నం ఇంకా ఎక్కువే. వాటర్ కూల్డ్ అయితే టవర్ ఫ్యాను, పంపులు కలిపినా 0.85 దగ్గర ఆగుతుంది. 120 టన్నుల మీద 40 కిలోవాట్ల పైనే తేడా, అంటే రోజుకు వెయ్యి యూనిట్లు. యూనిట్ 8 రూపాయలు వేసుకున్నా 8 వేలు. ఆ డబ్బుతో ట్యాంకర్లు తెప్పించుకున్నా మిగులుతుంది.

రైతుబిడ్డ, మెదక్
అన్నా, ట్యాంకర్ నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి? పక్క ఊరి బోరులోంచే కదా. మావైపు అంతా రాతి నేల, నీళ్ళు బండల పగుళ్ళలో ఉంటాయి. ఒకరు లోతుగా వేసి గుంజితే చుట్టుపక్కల పొలాల బోర్లు ఆగిపోతాయి. 2002లో వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) తెచ్చింది అందుకే. ఎండాకాలంలో వరి ఎండుతుంటే మీ గేట్లోకి ట్యాంకర్లు పోతుంటే ఊరు ఊరుకోదు, ఊరుకోవద్దు కూడా.

యుటిలిటీ మనిషి, జీడిమెట్ల
ఇద్దరి లెక్కా నిజమే. ముందు నీళ్ళెన్నో చూద్దాం. వాటర్ కూల్డ్ చిల్లర్ ఒక టన్నుకు టవర్‌లో గంటకు 6 లీటర్ల పైగా ఆవిరి చేస్తుంది. మన బోరు నీళ్ళలో ఉప్పులు ఎక్కువ కాబట్టి టవర్ తొట్టి చిక్కబడకుండా కొంత కాలువలోకి వదలాలి, అలా రెండూ కలిపి 9 నుంచి 10 లీటర్లు. ఫుల్ లోడు మీద రోజుకు 26 వేల నుంచి 29 వేల లీటర్లు, దాదాపు మూడు పెద్ద ట్యాంకర్లు. ఏడాదంతా ఒక పల్లె మీద ఇంత భారం వేసే డిజైన్‌ను నేను ఒప్పుకోను.

కానీ ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆ 120 టన్నుల్లో హైడ్రాలిక్ నూనెది ఎంత, మోల్డుది ఎంత? నూనె 45 డిగ్రీల దగ్గర ఉంటే చాలు, దానికి 30, 32 డిగ్రీల టవర్ నీళ్ళు సరిపోతాయి, చిల్లర్‌తో పనే లేదు. 10, 12 డిగ్రీల నీళ్ళు కావాల్సింది మోల్డుకే. నూనెను కూడా చిల్లర్ మీద వేయడమంటే కూలి డబ్బులిచ్చి మనిషిని ఊరికే కూర్చోబెట్టడమే.

సగం నూనెదే అనుకోండి. 60 టన్నుల నూనె వేడి నేరుగా టవర్‌కు, 60 టన్నుల మోల్డు వేడి ఎయిర్ కూల్డ్ చిల్లర్‌కు. చిల్లర్ 72 కిలోవాట్లు, టవర్ పంపు, ఫ్యాను ఒక 10. మొత్తం 82. కన్సల్టెంట్ చెప్పిన పూర్తి వాటర్ కూల్డ్‌కు 102. నీళ్ళేమో టవర్ మీద సగం టన్నులే, చిల్లర్‌లోని కంప్రెసర్ వేడి కూడా దాని మీద పడదు కాబట్టి రోజుకు 11 వేల లీటర్లకు దిగుతాయి. కరెంటూ తగ్గింది, నీళ్ళూ తగ్గాయి. మిషన్ సప్లయర్‌ను నూనె వేడి ఎంతో కాగితం మీద అడగండి, అది వచ్చేదాకా చిల్లర్ ఆర్డర్ ఇవ్వకండి.

ఆ 11 వేల కోసం వాన నీళ్ళ గుంట తవ్వండి. 2,000 చదరపు మీటర్ల రేకుల మీద ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన పడితే పోయింది పోగా 13 లక్షల లీటర్లు దక్కుతాయి, అంటే నాలుగు నెలల టవర్ నీళ్ళు. పైగా వాన నీళ్ళలో ఉప్పు ఉండదు, కాలువలోకి వదిలేదీ తగ్గుతుంది.

కంప్రెసర్, బాలానగర్
లెక్క బాగుంది. కానీ రెండు సిస్టమ్‌లంటే రెండు పైపు లైన్లు, రెండు రకాల మెయింటెనెన్స్. బోరు నీళ్ళు నేరుగా ఆయిల్ కూలర్‌లోకి పోతే ఏడాదిలో ట్యూబులు తెల్లగా గడ్డ కట్టుకుపోతాయి. యాసిడ్ పెట్టి కడగడానికి మిషన్ ఆపాలి. పల్లెలో ఆ పని తెలిసిన ఫిట్టర్ దొరకడు, బాలానగర్ నుంచి మేమే రావాలి.

యుటిలిటీ మనిషి, జీడిమెట్ల
టవర్ నీళ్ళను నూనె దాకా పంపకండి. మధ్యలో ప్లేట్ హీట్ ఎక్స్‌ఛేంజర్ (రెండు వైపుల నీళ్ళు కలవకుండా పలకల గుండా వేడి మాత్రమే మార్చేది) పెట్టండి, గడ్డ కట్టినా దానికే కడుతుంది. ప్లేట్లు విప్పి బ్రష్‌తో కడుక్కోవచ్చు, ఊరి కుర్రాడికి నేర్పిస్తే వస్తుంది. రెండోది స్టాండ్‌బైగా ఉంటే మిషన్ ఆపక్కర్లేదు. నీళ్ళు రెండు మూడు డిగ్రీలు వెచ్చబడతాయి, నూనెకు ఇబ్బంది లేదు.

షిఫ్ట్ సూపర్‌వైజర్, చర్లపల్లి
మిషన్ల గురించే మాట్లాడుతున్నారు. మేలో రేకుల షెడ్డు కింద రెండో షిఫ్టు చేసే ఆడవాళ్ళు ఎలా ఉంటారో చూశారా? ప్లాస్టిక్ కరిగించే బారెల్ దగ్గర నిలబడితే పై రేకు సెగ నెత్తి మీదే ఉంటుంది. పని చోట వేడి తగ్గించాలని, గోడలు, పైకప్పు అందుకు తగ్గట్టు కట్టాలని ఎప్పుడో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 13వ సెక్షన్‌లోనే రాశారు. షెడ్డు ఇంకా లేవలేదు కాబట్టి పఫ్ ప్యానెల్ (రేకుల మధ్య వేడి ఆపే నురుగు ఉన్న) కప్పు వేయండి, బారెళ్ళకు ఇన్సులేషన్ జాకెట్లు తొడిగించండి. ఇప్పుడు చేయకపోతే తర్వాత ఎన్ని టన్నుల కూలింగ్ పెట్టినా ఆ సెగ పోదు.

మూతల యూనిట్, కొంపల్లి
కప్పు మార్చమని ఇంజనీర్‌కు ఈ రోజే చెప్తానమ్మా. మరి డక్ట్ కూలర్ల సంగతి?

యుటిలిటీ మనిషి, జీడిమెట్ల
మార్చి నుంచి జూన్ మొదటి వారం దాకా మన గాలి పొడిగా ఉంటుంది, తడి మెత్తల కూలర్ అద్భుతంగా పనిచేస్తుంది. ఆపరేటర్ నిలబడే చోటే గాలి పడేలా డక్ట్ నోళ్ళు పెట్టండి. వానలు మొదలయ్యాక మాత్రం నీళ్ళ పంపు కట్టేసి ఫ్యాన్లే నడపాలి. ఆగస్టులో గాలి తేమ 22 డిగ్రీల దగ్గరే నీరవుతుంది, మీ మోల్డు 12 డిగ్రీల్లో ఉంటుంది. కూలర్ ఇంకా తేమ తోలితే మోల్డు మీద చెమట బొట్లు కట్టి మూత లోపలి అంచున నీటి మచ్చ పడుతుంది. రాత్రి షిఫ్టు ఆగితే పొద్దున్నకి మోల్డుకు తుప్పు.

కంప్రెసర్, బాలానగర్
ఆ చెమట గొడవ నిజం, ఎన్నో చోట్ల చూశాను. నూనె లెక్క సగం కాకుండా పావే అని తేలితే మాత్రం నేను మళ్ళీ వాటర్ కూల్డ్ వైపే. ఇంకోటి, పల్లె ఫీడర్‌లో కరెంటు పోయి వస్తుంటుంది. చిల్లర్ మళ్ళీ అందుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, ఆలోపు మోల్డు వేడెక్కి మూతలు వంకర పోతాయి. చల్లటి నీళ్ళు నిలవ ఉంచే బఫర్ ట్యాంకు పెద్దది పెట్టండి, దాని పంపును జనరేటర్ మీద వేయండి. ఒకే పెద్ద చిల్లర్ కాకుండా రెండు చిన్నవి తీసుకోండి.

రైతుబిడ్డ, మెదక్
గుంట తవ్వేటప్పుడు పొంగే నీళ్ళు ఊరి చెరువు వైపు పోయేలా కాలువ తీయించండి. పని మొదలుపెట్టే ముందే పంచాయతీలో కూర్చొని రోజుకు ఎన్ని నీళ్ళు తీస్తారో చెప్పండి, బోరుకు మీటరు బిగించి ఆ లెక్క గేటు దగ్గర రాయండి.