దిగుమతి సుంకం తగ్గితే మా పామాయిల్ గెలల ధర ఎందుకు పడిపోతుంది?

ప్రశ్న (చింతలపూడి రైతు):
ఏలూరు జిల్లాలో మాకు పదకొండు ఎకరాల పామాయిల్ తోట ఉంది. 2025 మే నెలాఖరున కేంద్రం ముడి వంటనూనెల మీద దిగుమతి సుంకం తగ్గించిందన్న వార్త రాగానే, ఇక గెలల ధర దిగుతుందని మిల్లు దగ్గర అందరూ తేల్చేశారు. మా తోటలో కాపు మారలేదు, కోత కూలి గానీ ఎరువుల ఖర్చు గానీ తగ్గలేదు. ఓడలో వచ్చే నూనె మీద ఢిల్లీలో వేసే పన్నుకూ, మా ట్రాక్టరులో మిల్లుకు వెళ్లే గెలలకూ ఉన్న లంకె ఏమిటి? పైగా సుంకం సొమ్ము ఖజానాకే చేరుతుంది కదా, అది పెరిగితే రైతుకు లాభం ఎలా కలుగుతుంది?

జవాబు 1 (కాకినాడలో నూనెల దిగుమతి లెక్కలు చూసే ఉద్యోగి):
సుంకం సొమ్ము రైతుకు రాదన్నది నిజమే. రైతుకు దక్కేది ధర. ఇక్కడి రిఫైనరీకి మలేషియా నూనె అయినా, మీ మిల్లు నూనె అయినా ఒకటే సరుకు. అందువల్ల దిగుమతి నూనె రేవులో దిగి, సుంకం కట్టాక ఎంతకు పడుతుందో, ఇక్కడి నూనెకు కూడా దాదాపు అంతే ఇస్తారు.

లెక్క సులువుగా ఉండడానికి టన్ను ముడి పామాయిల్ రేవుకు చేరేసరికి 1,000 డాలర్లు, డాలరు 85 రూపాయలు అనుకుందాం. అంటే 85,000 రూపాయలు. 2024 సెప్టెంబరు నుంచి సెస్సు, సర్‌చార్జి కలిపి సుంకం 27.5 శాతం ఉండేది, కాబట్టి మొత్తం 1,08,375 అయ్యేది. 2025 మేలో మూల సుంకం 20 నుంచి 10 శాతానికి దిగి, అన్నీ కలిపి 16.5 శాతమైంది. అప్పుడు మొత్తం 99,025. టన్ను నూనెకు తేడా 9,350 రూపాయలు. గెలల నుంచి 19 శాతం నూనె వస్తుందనుకుంటే, టన్ను గెలలలోని నూనె విలువలో సుమారు 1,776 రూపాయలు తగ్గినట్టు. అందులో రైతు వాటా ఎంతన్నది ధర నిర్ణయ సూత్రాన్ని బట్టి ఉంటుంది.

మరో మాట: శుద్ధి చేసిన నూనె మీద సుంకాన్ని 35.75 శాతం దగ్గరే ఉంచారు. ముడి నూనెకూ దానికీ మధ్య తేడా 8.25 నుంచి 19.25 శాతానికి పెరిగింది. ఇండోనేషియా తన ముడి నూనె మీద ఎగుమతి పన్ను ఎక్కువ వేసి, శుద్ధి పని తన దేశంలోనే జరిగేలా చూసుకుంటుంది. ఆ పని కాకినాడ, కృష్ణపట్నం వంటి చోట్ల నిలవాలంటే మన వైపు కూడా ఈ తేడా ఉండాలి. కాబట్టి మేలో ఊరట వినియోగదారుడికీ, రిఫైనరీకీ దక్కింది.

జవాబు 2 (అర్థశాస్త్ర ఉపన్యాసకుడు):
పై లెక్కకు ఒక సవరణ అవసరం. ప్రపంచంలో వంటనూనెలను అత్యధికంగా దిగుమతి చేసుకునే దేశం మనదే. ఇంత పెద్ద కొనుగోలుదారు సుంకం తగ్గించి ఎక్కువ కొనడానికి సిద్ధపడితే, అమ్మేవారు ధర కాస్త పెంచుతారు. మనం సుంకం పెంచితే వారు ధర కాస్త తగ్గిస్తారు. అందువల్ల సుంకంలో మార్పు యావత్తూ మన ధరలోకి రాదు, కొంత భాగం ఎగుమతిదారు మీద పడుతుంది.

అయితే సుంకం పెంచి రైతును ఆదుకోవడం ఖరీదైన దారి అని నా అభిప్రాయం. దేశంలో తయారయ్యే పామాయిల్ దిగుమతితో పోలిస్తే చాలా స్వల్పం. ఆ కొద్దిపాటి నూనెకు ధర నిలపడానికి దిగుమతి అయ్యే ప్రతి లీటరు మీదా వినియోగదారుడు ఎక్కువ చెల్లించవలసి వస్తుంది. ఆ భారం పేద ఇంటి వంటగదిలోనే ఎక్కువ తెలుస్తుంది.

జవాబు 3 (అశ్వారావుపేట రైతు):
మాస్టారి మాటలో న్యాయం ఉంది గానీ, 2022 ఏప్రిల్ 28న ఇండోనేషియా పామాయిల్ ఎగుమతిని ఆపేసి, మే 23న మళ్లీ అనుమతించిన సంగతి మరువకూడదు. అమ్మేవాడు తలుపు మూస్తే ఏమవుతుందో ఆ నాలుగు వారాలలో చూశాం. నాకు అసలు చిక్కు కాలానికి సంబంధించింది. మొక్క నాటిన నాలుగో ఏట గాని తోట సరిగా కాపుకు రాదు, వచ్చాక పాతికేళ్లు ఉంటుంది. సుంకం మాత్రం ఒక్క నోటిఫికేషన్‌తో రాత్రికి రాత్రే మారుతుంది. వరి అయితే వచ్చే పంటకు మార్చుకుంటాం, పామాయిల్ చెట్టును ఏం చేస్తాం?

చింతలపూడి అన్నగారు అడగవలసింది మరొకటి ఉంది. 2021లో ప్రకటించిన పామాయిల్ జాతీయ మిషన్‌లో రైతుకు ఒక హామీ ధర సూత్రం ఉంది. గత ఐదేళ్ల ముడి పామాయిల్ సగటు ధరను టోకు ధరల సూచీతో సవరించి, అందులో 14.3 శాతాన్ని గెలల ధరగా తీసుకుంటారు. వాస్తవ ధర అంతకంటే తక్కువైతే తేడా ప్రభుత్వం భరించాలి. సుంకం తగ్గించినా రైతు మునగకుండా ఉండే మార్గం ఇదే కనుక, మన సంఘాలు సుంకం కోసం కేకలు వేసే బదులు ఈ తేడా సొమ్ము ఏ నెలకు ఎంత వచ్చిందో అడిగితే బాగుంటుంది.

చింతలపూడి రైతు:
ముగ్గురికీ కృతజ్ఞతలు. నేను ఇంతవరకు మిల్లు చీటీలో తూకం, మొత్తం సొమ్ము మాత్రమే చూసుకునేవాడిని. ఈ నెల ముడి నూనె ధర, నూనె శాతం ఎంత కట్టారో అడిగి, ఆ 14.3 శాతం లెక్కతో పోల్చి చూసి, అంకెలు ఇక్కడే పెడతాను.