బిల్లులో "ఫార్మసిస్ట్ రివ్యూ" రోజుకి 350, ఇది కట్టాల్సిందేనా?

నిజాంపేట్_వాసి:
మా నాన్నగారికి 71, షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. న్యుమోనియా అంటే హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో ఆరు రోజులు ఉంచాం. బిల్లులో "క్లినికల్ ఫార్మసిస్ట్ రివ్యూ" అని రోజుకి 350 చొప్పున 2,100 వేశారు, ఇన్సూరెన్స్ వాళ్లేమో అది మాకు సంబంధం లేదని కోసేశారు. డాక్టరు ఫీజు వేరే, నర్సింగ్ వేరే, మందుల డబ్బులు ఎలాగూ ఉన్నాయి, మళ్లీ ఆ మందులు సరిగ్గా రాశారో లేదో చూసుకున్నందుకు కూడా మేమే కట్టాలా?

ఫార్మ్‌డీ_అమ్మాయి:
నేను చేసేది ఈ పనే అండి. ఇంట్లో వాడే మందులన్నీ అడ్మిషన్ రోజునే రాసుకుని, డ్రగ్ చార్టు (ఆసుపత్రిలో రాసిన మందుల పట్టిక) పక్కన పెట్టి చూస్తాం. మొన్న ఒక పెద్దాయన కవరు నిండా షీట్లు తెచ్చారు, విడదీసి చూస్తే రెండు కంపెనీల పేర్లతో ఉన్నది ఒకటే బీపీ మందు, టెల్మిసార్టాన్, చార్టులో రెండూ ఎక్కేశాయి. ఇంకోసారి కీళ్లవాతానికి వారానికి ఒక్కసారి వేసుకోవాల్సిన మెథోట్రెక్సేట్ రోజూ అని రాసుంది, అది పట్టుకోకపోతే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదకే వస్తుంది. ఒక్కో పేషెంటుకి అరగంట పడుతుంది, ఆరేళ్లు చదివిన మనిషికి జీతం ఎవరో ఒకరు ఇవ్వాలి కదా. కానీ మా దగ్గర దీనికి విడిగా బిల్లు వేయరు. ఆసుపత్రుల నాణ్యత చూసే ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు కావాలంటే ఆసుపత్రి ఎలాగూ చేయాల్సిన పనే ఇది, నన్నడిగితే బెడ్ చార్జీలోనే కలిసిపోవాలి.

లీడ్స్_నర్సు:
ఇక్కడ యూకేలో అడ్మిట్ అయిన 24 గంటల్లోపు ఇది చేయాలని నైస్ (ఇక్కడ వైద్య మార్గదర్శకాలు రాసే సంస్థ) గైడ్‌లైన్ ఉంది. పేషెంటుకి బిల్లే ఉండదు. శని, ఆదివారాల్లో వస్తే మాత్రం మా వార్డులో ఆలస్యమవుతుంది, అది వేరే కథ.

గుంటూరు_మిర్చి:
అన్నా, డబ్బు సంగతి తర్వాత, అసలు చూశారో లేదో ముందు అడగండి. మా అమ్మకీ ఇలాగే వేశారు. రివ్యూ షీట్ జిరాక్స్ ఇవ్వమంటే అరగంట తిప్పి ఇచ్చారు, ఐదు రోజులకీ ఒకటే పెన్ను, ఒకటే సంతకం, ఆమె పదేళ్లుగా వాడుతున్న థైరాయిడ్ మాత్ర అందులో లేనే లేదు! బిల్లింగ్‌లో గట్టిగా మాట్లాడితే తీసేశారు.

నిజాంపేట్_వాసి:
ఇప్పుడే ఫైలు తిరగేశాను. రెండో రోజు "క్రియాటినిన్ 2.4, మెట్‌ఫార్మిన్ ఆపాలని సూచన" అని రాసి సంతకం ఉంది, అంటే కిడ్నీ టెస్టు ఎక్కువొచ్చిందని షుగరు మాత్ర ఆపమన్నారు, ఆ సాయంత్రం నుంచే నాన్నకి ఇన్సులిన్ మొదలెట్టారు, ఎందుకో అప్పుడు మాకెవరూ చెప్పలేదు. మిగతా ఐదు రోజులూ ఆ గడులు ఖాళీ. ఆ ఒక్కరోజు 350 నేను అడగను, రేపు వెళ్లి 1,750 మాత్రం అడుగుతాను.